గొడుగుపల్లెలో దిగినవాడు

మా ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అంటారు. మా ఆయనైతే, పాలు పొంగినా ఎవరైనా కావాలని మంట పెంచారేమోనని చుట్టూ చూసే మనిషినని వచ్చిన చుట్టాలందరికీ చెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. కూరగాయలవాడు తూకం వేస్తుంటే నేను వంకాయలను చూడను, వాడి చేతివేళ్ళను చూస్తాను. పక్కింటావిడ ఊరికే నవ్వితే, ఎందుకు నవ్విందో తేలేదాకా నాకు అన్నం సహించదు.

ఈ గుణం నాకు మా నాయన దగ్గర్నుంచి వచ్చింది. ఆయన చిత్తూరు నుంచి తిరుపతికి తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కిన ప్రతి మనిషినీ అనుమానించడమే ఆ ఉద్యోగం. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట బస్సులో తిరిగేదాన్ని. ఇంజను పక్కన కూర్చుని, ఎవరు టికెట్టు తీశారు, ఎవరు తీయకుండా నిద్ర నటిస్తున్నారు అని చూడటమే నాకు ఆట. అలా చూసీ చూసీ మనుషుల ముఖాలు చదవడం కొంచెం అలవాటైంది. దానివల్ల స్నేహితులు తగ్గారు, మోసపోవడమూ తగ్గింది.

ఇప్పుడు నేను తిరుపతిలో ఇంగ్లీషు గ్రామరు చెబుతాను. బస్టాండు వెనక వీధిలో, ఒక ఫొటో స్టూడియో పైన ఉన్న కోచింగ్ సెంటర్లో చాలా ఏళ్ళు చెప్పాను. పొద్దున బ్యాచ్‌లో డిగ్రీ పిల్లలు, సాయంత్రం బ్యాచ్‌లో పగలంతా ఎక్కడో పనిచేసి వచ్చేవాళ్ళు. అందరికీ ఏదో ఒక పోటీ పరీక్ష ఉంటుంది. మా ఆయన చిత్తూరు దగ్గర మామిడిపండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కాయలున్నన్ని రోజులే ఆ పని. మిగతా కాలమంతా ఇల్లు నా జీతం మీదే నడుస్తుంది. ఈ సంగతి సెంటర్లో అందరికీ తెలుసు, ముఖ్యంగా సెంటర్ నడిపే సారుకు బాగా తెలుసు.

నా పాఠాల్లో బాగా పేరొచ్చింది బస్సు పాఠం. వాక్యంలో కర్తలు ఇద్దరుంటే క్రియ ఎలా ఉండాలన్నదే అందులో విషయం. తెలుగులో మనకు ఆ చింత లేదు. అమ్మా నాయనా వచ్చినారు అనడానికి ఎవరూ ఆలోచించరు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి హ్యాజ్ పెట్టాలా హ్యావ్ పెట్టాలా అని చేతులు వణుకుతాయి. పుస్తకంలో సూత్రాలు వరసగా ఉంటాయి. పిల్లలు వాటిని బట్టీపట్టి, పరీక్ష గదిలో ఒకదానికొకటి ముడేసి వస్తారు. అందుకని నేను వాళ్ళను మా నాయన బస్సెక్కించాను.

అత్త అండ్ కోడలు బస్సెక్కారు. ఇద్దరూ తలలే, టికెట్లు రెండు, కాబట్టి హ్యావ్. అత్త అలాంగ్ విత్ సద్దిమూట ఎక్కింది. మూట ఒళ్ళో ఉంది, దానికి టికెట్టు లేదు, కాబట్టి హ్యాజ్. ఆ మూట ఉన్నచోట చంకన బిడ్డను పెట్టినా, యాజ్ వెల్ యాజ్ అని ఇంకేదైనా పెట్టినా అంతే, లెక్క అత్తదే. ఐదర్ అని మొదలుపెట్టి ఇద్దరిలో ఒకరని చెబితే, కండక్టరు చెయ్యి ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళే టికెట్టు తీయాలి. క్రియకు పక్కన ఎవరుంటే క్రియ వాళ్ళ మాటే వింటుంది. బస్సు దిగాక హోటల్లో రాగిసంగటీ, అందులోకి ఊరుబిండి పచ్చడీ చెప్తారు. పేర్లు రెండైనా కంచం ఒకటే, అక్కడ మళ్ళీ హ్యాజ్.

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో డబ్బులు లేవు కదా. ఒక కుర్రాడు లేచి, "మేడం, అత్తాకోడళ్ళకి ఇద్దురికీ ఫ్రీ గదా, ఇంక హ్యావ్ యాడ నుంచి వస్తాది?" అని అడిగాడు. తరగతంతా గొల్లుమంది. జీరో టికెట్టు కూడా తలకొకటి చొప్పున కొట్టాల్సిందేనని చెప్పాను. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న, ఆ జవాబు కూడా పాఠంలో కలిసిపోయాయి. దారిలో స్టేజీలు కూడా చెబుతాను. కాణిపాకం క్రాసు, పూతలపట్టు, పాకాల, చంద్రగిరి. ఒక్కో స్టేజీలో ఒక్కో వాక్యం దిగుతుంది.

పోయిన ఎండాకాలం తర్వాత ఒకరోజు సారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. పక్కన ఆయన బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. ఆ సెంటర్లో సారు ఎక్కడుంటే బామ్మర్ది అక్కడే. ఫీజులు సారు చూస్తాడు, కంప్యూటర్లు, కరెంటు, పోస్టర్లు బామ్మర్ది చూస్తాడు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తిచేస్తారు.

సారు తన ఫోను నా ముందు పెట్టాడు. అందులో ఏదో చానల్ వీడియో. బొమ్మ బస్సు ఒకటి కదులుతోంది. అత్త ఎక్కింది, కోడలు ఎక్కింది, రెండు టికెట్లు చిరిగాయి. మూట ఎక్కింది, టికెట్టు చిరగలేదు. ఎవరో ఆడపిల్ల గొంతు, మా వైపు గొంతు కాదు, నా మాటలు అప్పజెబుతోంది. జీరో టికెట్టు ప్రశ్న కూడా ఉంది. నేను ఎక్కడ ఆగి నవ్వుతానో అక్కడే ఆగి నవ్వుతోంది. నా ఒంటి మీద చీర వేరేవాళ్ళు కట్టుకుని ఎదురొచ్చినట్టయింది.

"మన పాఠం బయటికి పోతాంది మేడం," అన్నాడు సారు.

"ఎవురో అమ్ముకుంటాండారు," అని బామ్మర్ది అందుకున్నాడు.

నేను ఎవరై ఉంటారని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో నా పేరుంది. చదవడం నాకు అలవాటే కదా.

"మిమ్మల్ని అనలేదు మేడం," అన్నాడు సారు. "అయినా పాఠం మీది. ఎవురి నోట్లోంచి పోయిందో మీరే తేల్చాల. నెలాఖరు దాకా చూస్తాను. తేలకపోతే నేను కూడా ఏం చెయ్యలేను."

అనలేదంటూనే అన్నీ అనేశాడు. తిరుపతిలో కోచింగ్ సెంటర్లు వీధికొకటి ఉన్నా, నడిపేవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఒకచోట పాఠాలు అమ్ముకుందని పేరు పడితే ఇంకో గడప తొక్కనివ్వరు. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఆ పేరుతో పోవడం ఇంకో ఎత్తు. నాకు భయం వేసింది, భయం కంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. జన్మంతా లోకాన్ని నేను అనుమానించాను గానీ, లోకం నన్ను అనుమానించడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి నా తరగతి నాకు తరగతిలా కనిపించలేదు. టికెట్టు తీయని మనిషి ఎక్కిన బస్సులా కనిపించింది. ముందు వరసలో కూర్చుని గబగబా రాసుకునే కుర్రాడు అంత గబగబా ఎందుకు రాస్తున్నాడు? వెనక వరసలో అసలు ఏమీ రాయని అమ్మాయి ఏమీ రాయకుండా ఎలా ఉంటోంది? జీరో టికెట్టు ప్రశ్న వేసినవాడు ఆ ప్రశ్న సొంతంగా వేశాడా, ఎవరైనా వేయించారా? "డౌట్ మేడం" అని ఎవరైనా చెయ్యెత్తితే, నీ డౌటు సరే, నా డౌటు సంగతేమిటి అని లోపల అనుకునేదాన్ని.

అందరికంటే ఎక్కువగా నా కన్ను సాయంత్రం బ్యాచ్‌లోని నగరి అమ్మాయి మీద పడింది. వాళ్ళది మరమగ్గాల ఇల్లు. మధ్యాహ్నం దాకా మగ్గం దగ్గర పనిచేసి, బస్సెక్కి తిరుపతికి వచ్చి, క్లాసయ్యాక మళ్ళీ బస్సెక్కి పోయేది. మాట చివర అరవంలో అన్నట్టు 'దా' చేర్చేది. ఎప్పుడూ గోడవారన కూర్చునేది. ఒళ్ళో చున్నీ, చున్నీ కింద ఫోను. నేను అటు నడిచినప్పుడల్లా చున్నీ సర్దుకునేది.

ఒకరోజు పాఠం మధ్యలో నేరుగా వెళ్ళి చెయ్యి చాపాను. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఫోను నా చేతిలో పెట్టింది. రికార్డింగ్ నడుస్తోంది. దొరికింది దొంగ అనుకున్నాను. క్లాసయ్యాక ఉండమన్నాను.

అందరూ వెళ్ళాక అడిగితే తల వంచుకునే చెప్పింది. "మగ్గం కాడ ఇంటాను మేడం. ఆ సప్పుడులో పుస్తకం తీసేది కుదరదు, సేతులు కూడా కాళీ ఉండవు. సెవుల్లో పెట్టుకుంటే మీ మాట ఒకటే ఇనిపిస్తాది. నిజందా మేడం."

"ఎవరికి పంపుతున్నావు?"

"ఎవురికీ లేదు."

"మరి దాచిపెట్టడం ఎందుకు?"

"అడిగితే వద్దంటారని బయం."

"వద్దంటే వద్దు. ఒకరి మాట తీసుకునేముందు వాళ్ళను అడగాలి. అది నేర్చుకో ముందు," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి సరేనని తలూపింది. నేను ఫోను తిరిగిచ్చాను గానీ నమ్మలేదు. మగ్గం చప్పుడులో గ్రామరు వినేవాళ్ళుంటారా? ఉంటారేమో. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా అదే ఆలోచన. మా ఆయన నా ముఖం చూసి, "పులుసులో ఏమన్నా కలిపినాననుకున్నావా?" అన్నాడు. నవ్వు రాలేదు.

ఆదివారం పూతలపట్టు వెళ్ళాను. మా నాయన అక్కడే ఉంటాడు. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున రోడ్లు కలిసేచోట టీ అంగడి బల్ల మీద కూర్చుని వచ్చే బస్సులను, పోయే బస్సులను చూస్తుంటాడు. ఏ బస్సు ఆలస్యమైందో, ఏ డ్రైవరు కొత్తవాడో అంగడాయనకు చెబుతుంటాడు. నన్ను చూడగానే, "ఏమ్మా, సెప్పాపెట్టకుండా వచ్చినావు? ఇంట్లో అంతా బాగుండారా?" అన్నాడు. బాగుంటే చెప్పకుండా రానని ఆయన అనుమానం.

జరిగిందంతా చెప్పాను. తన బస్సుతో నేను ఇంగ్లీషు చెబుతున్నానని అప్పటిదాకా ఆయనకు తెలియదు. ముందు ముసిముసిగా నవ్వాడు. తర్వాత ముఖం గంటుపెట్టుకున్నాడు.

"అయితే మొదుట నువ్వే నా బస్సును ఎత్తుకపోయినావు. నాతో ఒక మాటన్నా సెప్పలేదే?"

"నాయనా, నా ఉద్యోగం పోయేట్టుంది. నువ్వు నాతో తగాదా పెట్టుకుంటున్నావు."

"సరే సరే. దొంగ దొరికినాడా?"

దొరకలేదని, అందరూ దొంగల్లాగే కనిపిస్తున్నారని చెప్పాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"టికెట్టు తియ్యనోడి కోసరం నేనెప్పుడన్నా ఎతికినానా? నువ్వు పక్కనే కూసుని సూస్తాంటివి గదా."

నాకు గుర్తొచ్చింది. లెక్క తేడా వచ్చినప్పుడు ఆయన ఎవరినీ పట్టుకుని నిలదీసేవాడు కాదు. బస్సు ముందుకొచ్చి, అందరికీ వినిపించేట్టు డ్రైవరుతో ఒక మాట అనేవాడు. "అన్నా, ముందు స్టేజీలో చెకింగోళ్ళు ఉండారంట." అక్కడ చెకింగూ ఉండదు, ఏమీ ఉండదు. కానీ ఆ మాట అన్న కాసేపటికి ఎవరో ఒకరు గబుక్కున లేచి, "ఈడ దిగాల, ఈడ దిగాల" అని వాకిలి దగ్గరికి వచ్చేవారు. వాళ్ళే.

"లేనిదాన్ని ఉండాదని సెప్పి ఊరకుండాల," అన్నాడు నాయన. "మనం అరిసేది లేదు. వాడే లేస్తాడు."

తిరుగు బస్సులోనే నా ఉపాయం తయారైంది. మా దారిలో లేని ఊరొకటి పాఠంలో పెట్టాలి. ఎక్కడా లేని ఊరు. అది వీడియోలో కనిపిస్తే పాఠం ఎక్కడ్నుంచి పోయిందో తెలిసిపోతుంది.

సోమవారం మధ్యాహ్నం పొద్దున బ్యాచ్ వెళ్ళిపోయి, సాయంత్రం బ్యాచ్ ఇంకా రాని వేళ, తరగతి గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. కొత్త వాక్యం నాలుక మీద తిరుగుతుందో లేదో చూసుకోవడం నా అలవాటు. ఫ్యాను ఆపేసి, తలుపు వేసి, పాఠం మొదటినుంచీ చివరిదాకా బయటికి చెప్పుకున్నాను. చంద్రగిరికి ముందు గొడుగుపల్లె అనే స్టేజీ పెట్టి, అక్కడ మేనమామనూ అల్లుళ్ళనూ దింపాను. బాగానే ఉందనిపించింది. కానీ ఒక్క ఊరైతే ఏ బ్యాచ్ నుంచి పోయిందో ఎలా తెలుస్తుంది? పైగా గొడుగుపల్లె నిజంగా ఎక్కడైనా ఉంటే? అందుకని దాన్ని వదిలేశాను. పొద్దున బ్యాచ్‌కు వడియాలపల్లె, సాయంత్రం బ్యాచ్‌కు అప్పడాలపేట అని నిర్ణయించుకున్నాను.

రెండు బ్యాచ్‌లలోనూ ఆ పేర్లు చెప్పినప్పుడు నవ్వారు. నేను మాత్రం ఎవరు నవ్వలేదో చూశాను. నగరి అమ్మాయి ఆ రోజు ఫోను బల్ల మీద అందరికీ కనపడేట్టు పెట్టి, చెయ్యెత్తి, "రికార్డు చేసుకోవచ్చా మేడం?" అని అడిగింది. చేసుకోమన్నాను. నాకు కావలసిందీ అదే. అప్పడాలపేట దొరికితే నువ్వే అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆ చానల్లో కొత్త వీడియో వచ్చింది. వంటింట్లో నిలబడి చూశాను. బొమ్మ బస్సు పాకాల దాటింది. ఆ ఆడపిల్ల గొంతు తీయగా, "తర్వాతి స్టేజీ గొడుగుపల్లె" అంది.

మళ్ళీ పెట్టి విన్నాను. గొడుగుపల్లె. వడియాలు కాదు, అప్పడాలు కాదు.

మొదట నాకేమీ అర్థం కాలేదు. ఆ ఊరి పేరు నేనెక్కడ అన్నాను? ఇంట్లో అన్నానా? మా ఆయన వైపు చూశాను. మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. పాపం, ఆ మనిషి పాఠాలు అమ్ముకుంటాడని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. నాయనకు చెప్పానా? లేదు, ఊరి పేరు పుట్టిందే తర్వాత. నిద్రలో కలవరించానా? చేతిలో గరిటె అలాగే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, మూసిన తలుపు, ఆపిన ఫ్యాను, ఖాళీ బెంచీలు.

ఆ గదిలో ఇంకొకటి ఉంది. అంతకుముందు సంవత్సరం ఎవరిదో ఫోను పోయిందని గది మూలన ఒక కెమెరా పెట్టించారు. దానికి కళ్ళే గానీ చెవులు లేవని, మొహమాటపడకుండా పాఠం చెప్పుకోండని బామ్మర్ది నవ్వుతూ చెప్పాడు. కొన్నాళ్ళు దాని కింద కొంగు సర్దుకోవడానికి కూడా ఇబ్బందిపడ్డాను. తర్వాత అది గోడ మీది బల్లిలాగా మామూలైపోయింది. ఇంత అనుమానప్పక్షినై ఉండి కూడా నేను దాన్ని మరిచిపోయాను. చెవులు లేవన్న ఆ ఒక్క మాటను మాత్రం నేను అనుమానించలేదు.

అయినా ఊహ ఊహే. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు గదికి వెళ్ళాను. సారు కుర్చీలో ఉన్నాడు, బామ్మర్ది తలుపు పక్కన కంప్యూటరు ముందున్నాడు. నేను కూర్చోలేదు.

"తేలిపోయింది సార్," అన్నాను.

సారు ముందుకు వంగాడు. "ఎవురు మేడం?"

గొడుగుపల్లె సంగతి చెప్పాను. అలాంటి ఊరు లేదని, నేనే కల్పించానని, పట్టుకోవడానికే పెట్టానని.

"ఏ బ్యాచ్‌లో సెప్పినారు?" అన్నాడు సారు.

"పొద్దున బ్యాచ్‌లో చెప్పలేదు. సాయంత్రం బ్యాచ్‌లో చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మన తరగతి గదిలో తలుపు వేసుకుని, ఒక్కదాన్నే ఉన్నప్పుడు చెప్పుకున్నాను."

అంతే అన్నాను. కెమెరా పేరెత్తలేదు. మా నాయనలాగే మాట విసిరి ఊరుకున్నాను. సారు నన్నే చూస్తున్నాడు. బామ్మర్ది తల మాత్రం మెల్లగా తిరిగింది. ఆఫీసు గోడ మీద, కెమెరాలోంచి తరగతి గది బొమ్మ కనిపించే చిన్న తెర వైపు తిరిగింది. ఒక్క చూపు. వెంటనే దించుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. మా నాయన బస్సులోనైతే లేచి వాకిలి దగ్గరికి వచ్చేసినట్టే.

"దానికి చెవులున్నాయన్నమాట," అన్నాను.

ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

"యాప్ పని మా వాడే సూస్తాండాడు మేడం, నాకంతగా తెలీదు."

"బావ సెప్పిందే సేసినాను గదా, నాదేముండాది?"

అన్నాళ్ళూ ఒకే నోటితో మాట్లాడిన మనుషులు మొదటిసారి రెండు నోళ్ళయ్యారు. వాళ్ళ మాటల్లోంచే మిగతాది బయటపడింది. సెంటరు పేరుతో యాప్ తెస్తున్నారు. అందులో నా పాఠాలన్నీ బొమ్మలతో, ఎవరిదో గొంతుతో ఉంటాయి. జనం చూస్తారో లేదో తెలుసుకోవడానికి ముందుగా పేరు లేని చానల్లో పెట్టి చూశారు. ఖాళీ గదిలో నేను చెప్పుకున్నదైతే ఫ్యాను మోత లేకుండా, పిల్లల గోల లేకుండా శుభ్రంగా వచ్చిందట. ఆ మాట బామ్మర్ది మెచ్చుకోలుగానే అన్నాడు.

"మరి నన్ను దొంగ అనడం దేనికి?"

సారు గొంతు సవరించుకున్నాడు. "దొంగ అని ఎవురన్నారు మేడం? యాప్ వచ్చినాక ఈడ క్లాసులుండవు. మీరు నొచ్చుకోకుండా మీయంతట మీరే మానుకుంటే మంచిదని అనుకున్నాము."

నేను మానుకుంటే చాలదు. ఆ పాఠం నాదని రేపు ఎక్కడైనా చెబితే, ముందే అమ్ముకున్న మనిషి ఈమె అని చెప్పడానికి వాళ్ళకొక మాట ఉండాలి. అదీ సంగతి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళకు కనపడనివ్వకూడదని పళ్ళు బిగబట్టాను.

"పిల్లల ముందుకొచ్చి, పాఠం అమ్ముకున్నది నేను కాదని చెప్పండి. అంతకంటే నాకేమీ వద్దు," అన్నాను.

"ఎందుకు మేడం రచ్చ. ఈ గదిలో మాట్లాడింది ఈ గదిదే గదా," అన్నాడు సారు. అప్పటికి మళ్ళీ ఇద్దరూ ఒక్కటయ్యారు. బామ్మర్ది తలూపుతున్నాడు.

సాయంత్రం బ్యాచ్ వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. కింద ఫొటో స్టూడియోకు ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చి నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు కూడా నా మీదేనేమో అనిపించింది. వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళ్ళిపోతే వాళ్ళనుకున్నదే జరుగుతుంది. లేచి గదిలోకి వెళ్ళాను.

అందరూ కూర్చున్నారు. నేను ఫ్యాను ఆపేశాను. ఉక్కగా ఉంది మేడం అన్నారు. కాసేపు ఓర్చుకోండన్నాను. నగరి అమ్మాయి ఎప్పటిలాగే చెయ్యెత్తి అడిగింది, నేను తలూపాను, ఫోను బల్ల మీద పెట్టింది. నేను మూలకు తిరిగి, కెమెరా వైపు చూసి మొదలుపెట్టాను. నా పేరు చెప్పాను. నా ఊరు చెప్పాను. ఈ బస్సు మా నాయనదని, పూతలపట్టులో ఆయన ఇప్పటికీ బస్సులు చూస్తూ కూర్చుంటాడని, ఈ పాఠం నేను అల్లుకున్నదని, ఎవరికీ అమ్మలేదని చెప్పాను. గొడుగుపల్లె కథ మొత్తం చెప్పాను. చివరికి, "మన బస్సులో టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళు ఇదిగో, దీని వెనక కూర్చుని వింటున్నారు," అని మూలకు వేలు చూపించాను.

గదిలోని తలలన్నీ అటు తిరిగాయి. అంతమంది ఒకేసారి కెమెరా వైపు చూడటం ఆఫీసులోని ఆ తెర మీద ఎలా కనిపించి ఉంటుందో నాకు తెలియదు. పక్కనున్న ఆఫీసు గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు మాత్రం వినిపించింది. ఎవరూ బయటికి రాలేదు.

"నా స్టేజీ వచ్చింది. దిగుతున్నాను," అని చెప్పి డస్టరు బల్ల మీద పెట్టాను. ఒకరిద్దరు నవ్వారు, పాఠంలో భాగమనుకుని. నేను చెప్పులేసుకుంటుంటే ఆ నవ్వు ఆగింది.

సగం మెట్లు దిగేసరికి వెనక నుంచి పరుగు వినిపించింది. నగరి అమ్మాయి. ఆయాసపడుతూ ఫోను చూపించింది.

"మేడం, అంతా వచ్చేసింది దీన్లో. మీ పేరు, మీ నాయన బస్సు, ఆ కెమెరా సంగతి, అంతా."

అంత బాధలోనూ నా నోటి వెంట వచ్చింది అదే ప్రశ్న. "ఎవరికి పంపావు?"

"ఎవురికీ లేదు మేడం. మా బ్యాచోళ్ళంతా పంపమంటాండారు. అందురి ఫోన్లలో పెడితే మీ మీద ఎవురూ మాట అనలేరంట." కాస్త ఆగింది. "మీరే గదా సెప్పినారు, ఒకురి మాట తీసుకునేముందు అడగాలని. పంపేదా?"

అన్నేళ్ళుగా నా మాటలు ఎన్ని చేతులు మారాయో నాకు తెలియదు. అడిగింది మాత్రం ఈ అమ్మాయే. నేను అందరికంటే ఎక్కువగా అనుమానించింది కూడా ఈమెనే. మెట్ల మీదే కూర్చుండిపోయి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పెళ్ళివాళ్ళు తలెత్తి చూశారు.

"పంపు," అన్నాను.

ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని పంపింది.